పంపెన గింజ పువ్వు కాదా?

మా మేనత్త మామూలుగా అనేసిన ఒక మాట నాలుగు నెలలుగా నన్ను వదలడం లేదు.

కిందటి డిసెంబరులో ఆవిణ్ణి జిరంగ్ తీసుకువెళ్ళాను. శ్రీకాకుళం వైపు వాళ్ళకు ఆ దారి కొత్త కాదు. పర్లాకిమిడి దాటి కొండలెక్కాలి, అదంతా ఒడిశాలోని గజపతి జిల్లా. చంద్రగిరి చుట్టుపక్కల శిబిరాల్లో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధారామం జిరంగ్‌లో ఉంది. సెలవులొస్తే మనవాళ్ళు బళ్ళు మాట్లాడుకుని వెళ్ళి, ఫొటోలు దిగి, మోమోలు తిని వస్తారు. మేమూ అలాగే వెళ్ళాం. కాకపోతే మా అత్తకు ఏ గుడికి వెళ్ళినా దేవుడి ముందు కాసేపు కూర్చుంటే గానీ వెళ్ళినట్టు కాదు. అందుకని జనం బయట తిరుగుతుంటే మేమిద్దరం లోపల చాప మీద కూర్చున్నాం.

బుద్ధుడి ముందు దీపాలు, నీళ్ళ గిన్నెలు. పక్కగా వేలాడుతున్న ఒక తెల్లటి దండ. దగ్గరకెళ్ళి చూస్తే అవి పూలు కావు, గింజలు. ఒక్కోటి పావలా బిళ్ళంత గింజ, దాని చుట్టూ ఉల్లిపొర కన్నా పల్చగా, అవతలి వెలుగు కనిపించేంత పల్చగా ఒక రెక్క. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి కుడితే చేమంతి పువ్వంత పువ్వయింది. ఫ్యాను గాలికి దండంతా వణుకుతోంది.

అత్త కూడా చూసింది. "పువ్వులు దొరక్క ఎండు గింజలు పెట్టుకున్నారురా పాపం. మనమైనా ఓ బుట్టెడు బంతిపూలు తేవాల్సింది" అంది.

ఆవిడ జాలితోనే అంది, వెటకారంగా కాదు. కానీ ఆ గింజను నేను గుర్తుపట్టాను. అది పంపెన. నా చిన్నప్పుడు మా ఇంటి వెనకాల ఉన్న చెట్టు.

కొండ మీద కత్తులు

నాన్న ఉద్యోగరీత్యా మేము కొన్నేళ్ళు సీతంపేట ఏజెన్సీలో ఉన్నాం. క్వార్టర్స్ వెనక గెడ్డ, గెడ్డ అవతల కొండ వాలు. అక్కడ రెండు పంపెన చెట్లుండేవి. దుండిలం అని కూడా అంటారు. సన్నగా, పొడుగ్గా, పెద్దగా కొమ్మలు లేకుండా ఎదిగే చెట్టు. ఆకు ఒక్కొక్కటీ మీటరుకు పైనే, దాంట్లో ఈనెలు మళ్ళీ చీలి, మళ్ళీ చీలి చివర్న చిన్న ఆకులు. ఆ ఈనెలు ఎండి రాలి చెట్టు కింద కుప్పపడితే అచ్చం చేతుల ఎముకలు, కాళ్ళ ఎముకలు పోగేసినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో దీనికి విరిగిన ఎముకల చెట్టు అని పేరుందని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో మాకు ఆ పేరు చెప్పక్కర్లేదు, చూస్తేనే భయం.

ఇక కాయలు. ఒరలో పెట్టిన కత్తుల్లా, మీటరు దాకా పొడుగున్న చదునైన కాయలు ఆకులు రాలిన చెట్టుకు వేలాడుతూ ఉంటాయి. చలికాలం రాత్రుళ్ళు గాలికి ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. అమ్మ ఆ చప్పుడుకి కిటికీ వేసేసేది.

పువ్వు సంగతి మరీ విచిత్రం. అరచేతిలో పట్టేంత పెద్ద పువ్వు, బయట ముదురు ఎరుపు, లోపల లేత పసుపు. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. ఘాటైన కంపు. ఆ కంపు మన కోసం కాదు, గబ్బిలాల కోసం. తేనెకు వచ్చిన గబ్బిలాలే పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. అంటే ఈ చెట్టు పువ్వు ఏ పూజకూ పనికొచ్చే రకం కాదు. పగలు ఉండదు, వాసన భరించలేం. అలాంటి చెట్టుకు కాసిన గింజను చూసి ఎవరికో "ఇది పువ్వు" అనిపించింది చూడండి, అక్కడే నాకు మొదటిసారి అత్త మాట సరి కాదేమో అనిపించింది.

ఆ గింజ అలా మనసుకు పట్టింది ఒక్క చోట కూడా కాదు. నేపాల్‌లో దీన్ని టటెలో అంటారు, డార్జిలింగ్, సిక్కిం వైపు టోటోలా. కాట్మండూ స్తూపాల దగ్గర ఈ గింజల దండలు అమ్ముతారు. హిమాలయాల్లో కొన్నిచోట్ల ఇంటికి రక్ష అని చూరుకు వేలాడదీస్తారు. చైనా మందుల కొట్లలో గొంతు నొప్పికి అమ్మే ఇదే గింజకు రెండు పేర్లు: ఒకటి చెక్క సీతాకోకచిలుక, రెండోది వెయ్యి కాగితాలు. ఆ రెండో పేరు పెట్టినవాళ్ళు ఎవరో గానీ కాయ పగలగొట్టి చూసే పెట్టారు. లోపల దొంతర దొంతరలుగా, పుస్తకం పేజీలు తిప్పుతున్నట్టే ఉంటుంది.

థాయ్‌లాండ్ వాళ్ళది ఇంకో రకం. అక్కడ దీని పేరు ఫెకా. లేత కాయను కాల్చుకుని తింటారు, పువ్వూ తింటారు. కానీ కత్తిలాంటి కాయ ఇంటి ముందు వేలాడకూడదని పాతకాలం వాళ్ళు పెరట్లో నాటేవారు కాదట. అదే దేశంలో, బౌద్ధాలయ గోపురం కొసన నిలబెట్టే లోహపు శిఖరానికి ఫెకా కాయ అని పేరు. పెరట్లో వద్దనుకున్న కాయ పేరే గోపురం కొసకెక్కింది.

దొరక్క పెట్టిన పువ్వా?

ఆ రోజు ప్రార్థన అయ్యాక నడి వయసు భిక్షువు ఒకాయన దగ్గరకు వెళ్ళి, దండ చూపించి, ఇదేమిటని హిందీలో అడిగాను. "మెతోక్" అన్నాడు. టిబెటన్‌లో మెతోక్ అంటే పువ్వు. గింజ కదా అన్నాను. ఆయన నవ్వి, "చంపక మెతోక్" అన్నాడు.

చంపకం అంటే మనకు సంపెంగ. సంస్కృత గ్రంథాలు టిబెటన్‌లోకి వెళ్ళినప్పుడు బుద్ధుడికి అర్పించే పూలలో చంపకం కూడా వెళ్ళింది. పేరు వెళ్ళింది గానీ చెట్టు వెళ్ళలేదు. ఆ చలి పీఠభూమిలో సంపెంగ బతకదు. ఆ ఖాళీ పేరులోకి, కింద వెచ్చటి లోయల నుంచి వచ్చిన ఈ తెల్లటి రెక్కల గింజ వచ్చి కూర్చుంది. కుళ్ళదు, బరువు లేదు, మూటల్లో కనుమలు దాటి రాగలదు. ఇలాగే జరిగి ఉంటుందని నా ఊహ. ఇదే నిజమైతే అత్త అన్నదాంట్లో సగం నిజమున్నట్టే. దొరకని పువ్వు బదులే ఇది వచ్చింది. దీన్ని దాచాల్సిన పని లేదు.

కానీ బదులు వచ్చినదంతా తక్కువదేనా? ఇక్కడే నాకు అత్తతో పేచీ.

తిరిగి వస్తూ కారులో అడిగాను. "అత్తా, నువ్వు రోజూ పూజలో వస్త్రం దగ్గర ఏమంటావు?" ఆవిడ తడుముకోకుండా, "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంది. "ఆభరణం దగ్గర?" "ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి." "మరి పట్టుచీర బదులు నాలుగు బియ్యపు గింజలు వేస్తే దేవుడికి లోటు జరిగినట్టా?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్షతలు వేరురా. అవి పసుపు కలిపి, మంత్రంతో వేసేవి" అంది.

ఆ సమాధానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మంత్రం, నియమం, తరాల అలవాటు ఒక వస్తువును పూజాద్రవ్యంగా మారుస్తాయి, నిజమే. అయితే అదే న్యాయం అవతలి వాళ్ళకూ వర్తించాలి. వాళ్ళకూ మంత్రం ఉంది, నియమం ఉంది, తరాల అలవాటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. అక్షత అంటే విరగనిది. కానీ మనం వేసే బియ్యం గింజ దంచి, పొట్టు తీసినది. దాన్ని మట్టిలో వేస్తే మొలవదు. ఆ దండలో ఉన్న పంపెన గింజకు రెక్కతో సహా ఏదీ తీయలేదు. కాయలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. అక్షతం అన్న మాటకు ఏది దగ్గర అని అడిగితే నేను పంపెన వైపే చెయ్యి చూపిస్తాను. ఈ మాట అత్తతో అనలేదు. ఆవిడ డెబ్బై ఏళ్ళుగా వేస్తున్న అక్షతలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు.

చెట్టుకూ బుద్ధుడికీ సంబంధం కేవలం ఈ బదులు వరసలో వచ్చింది కూడా కాదు. బోధివృక్షం అనగానే మనకు రావిచెట్టు ఒక్కటే గుర్తొస్తుంది. పాలి సంప్రదాయంలో గౌతముడికి ముందు ఇంకా బుద్ధులున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో బోధివృక్షం. కస్సపుడికి మర్రి, కోణాగమనుడికి మేడి, కకుసంధుడికి దిరిసెన, విపస్సికి పాటలి. పదుముడు, నారదుడు అనే ఇద్దరు బుద్ధులకు మహాసోణ వృక్షం. శ్రీలంకలో తొటిల అని పిలిచే చెట్టే ఈ మహాసోణ అని అక్కడి బౌద్ధులు చెబుతారు. తొటిల అంటే మన పంపెనే. సంస్కృతంలో దీన్ని శ్యోనాకం అంటారు. సోణ, శ్యోనాక అని రెండు మాటలూ పక్కపక్కన పలికి చూడండి. ఎముకల కుప్పలా ఉంటుందని మేము భయపడ్డ చెట్టు నీడన ఇద్దరు బుద్ధులు కూర్చున్నారని నమ్మేవాళ్ళు సముద్రానికి అటువైపే ఉన్నారు.

వాడని పువ్వు

సంక్రాంతికి వచ్చిన మిత్రుడొకడితో ఇదంతా చెప్పాను. పాలి చదువుకున్నవాడు. నా వాదం మొత్తం విని ఒకే ఒక్క మాటతో నన్ను ఆపేశాడు. థేరవాదులు, అంటే శ్రీలంక, థాయ్‌లాండ్ వైపు బౌద్ధులు, బుద్ధుడికి పువ్వు పెడుతూ చదివే శ్లోకం వినిపించాడు.

"పుప్ఫం మిలాయాతి యథా ఇదం మే, కాయో తథా యాతి వినాసభావం."

ఈ నా పువ్వు ఎలా వాడిపోతుందో, ఈ దేహమూ అలాగే నాశనమవుతుంది. "పువ్వు పెట్టేది అందం కోసం కాదు, వాడిపోవడం చూడటం కోసం. పొద్దున పెట్టింది సాయంత్రానికి వేలాడిపోతుంది. అదే పాఠం. మీ గింజ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. పాఠమే లేకపోతే ఇంక పువ్వెందుకు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. రెండు మూడు రోజులు నిజంగా బాధపడ్డాను, ఎందుకంటే వాడు చెప్పింది చిన్న విషయం కాదు. వాడని పువ్వును బుద్ధుడి ముందు పెట్టడమంటే ప్లాస్టిక్ పూల దండ వేయడంతో సమానమవుతుందా? మా ఊరి గుళ్ళో ప్లాస్టిక్ దండలు చూసి నేనే ఎన్నిసార్లు గొడవపడ్డానో.

తర్వాత నెమ్మదిగా నాకు తోచింది ఇది. ప్లాస్టిక్ పువ్వు వాడదు, ఎందుకంటే అది ఎప్పుడూ బతికి లేదు. పంపెన గింజ వాడదు, ఎందుకంటే దాని బతుకు ఇంకా మొదలవలేదు. ఈ రెండూ ఒకటి కావు. పువ్వు అనిత్యాన్ని ఒక చివర నుంచి చూపిస్తే గింజ రెండో చివర నుంచి చూపిస్తుంది. ఇది నేను కల్పించిన అర్థం కాదు, బౌద్ధంలో విత్తనం మాట చాలా పాతది. బుద్ధుడి బోధల పాలి సంకలనం సంయుత్త నికాయంలో ఉంది: "యాదిసం వపతే బీజం, తాదిసం హరతే ఫలం." ఎలాంటి విత్తు నాటితే అలాంటి పంట. శాలిస్తంబ సూత్రం అనే బౌద్ధ గ్రంథం ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ఏదైనా కారణాలు కలిస్తేనే పుడుతుందన్న సిద్ధాంతాన్ని, వివరించడానికి వరి మొక్కనే తీసుకుంది. విత్తనం నుంచి మొలక, మొలక నుంచి ఆకు, అలా పువ్వు దాకా, పండు దాకా. "నేను మొలకను పుట్టిస్తున్నాను" అని విత్తనం అనుకోదు, కారణాలు కలిస్తే మొలుస్తుంది, కలవకపోతే లేదు. మన నాగార్జునుడు మూలమధ్యమక కారికల్లో కర్మ గురించి చెప్పే 17వ ప్రకరణంలో ఈ విత్తనం, మొలక పోలికనే ఎదుటివాడి నోట చెప్పించి, అది అంత సులువుగా నిలవదని తేల్చాడు. అంత తర్కం నాకు రాదు. కానీ విత్తనాన్ని చూస్తూ కూర్చున్నవాడికి ఆలోచించడానికి ఏమీ ఉండదని మాత్రం ఇక ఎవరూ నాతో అనలేరు.

అయినా మిత్రుడి అభ్యంతరం పూర్తిగా తీరలేదు. దండలోకి వెళ్ళిన ప్రతి గింజా మొలవకుండా ఆగిపోయిన చెట్టే కదా. పువ్వు కోస్తే చెట్టుకు ఒక కాయ తగ్గుతుంది. గింజను దారానికి గుచ్చితే ఒక చెట్టే తగ్గుతుంది. కొండ మీద రాలినా అన్నీ మొలవవు, ఎక్కువ భాగం రాళ్ళ మీద, నీళ్ళలో పడి పోతాయి, నిజమే. కానీ ఆ లెక్క చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. అర్పణ అంటే ఏదో ఒకటి వదులుకోవడమే అయితే, ఇక్కడ వదులుకుంటున్నది చెట్టు. మనం కాదు. దానికి మనం ఏం తిరిగి ఇస్తున్నామన్న ప్రశ్న మిగిలే ఉంది.

వేరు కోసం ఒకటి, గింజ కోసం ఒకటి

ఫిబ్రవరిలో సీతంపేట వెళ్ళాను. ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవు. గెడ్డ ఉంది. రెండు చెట్లలో ఒకటి లేదు, దాని చోట ఒక గొయ్యి ఉంది. అక్కడ మేకలు కాస్తున్న సవర పెద్దాయనను అడిగితే, "వేరు తవ్వుకుపోయారు బాబూ, మందుకి" అన్నాడు.

ఆ మందు ఏదో మీ అందరికీ తెలుసు. ఆయుర్వేదం చెప్పే పది మందు వేర్లు, దశమూలాల్లో శ్యోనాకం ఒకటి. బిల్వం, అగ్నిమంథం, పాటలి, గుమ్మడి టేకులతో కలిపి బృహత్పంచమూలం. దశమూలారిష్టం తాగని బాలింత మన ఇళ్ళల్లో అరుదు. మా చెల్లి పుట్టినప్పుడు అమ్మ కూడా తాగింది. అందుకే దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ వేరు బెరడు కావాలంటే చెట్టును కూల్చాలి, వేరే దారి లేదు. అడవిలో కొట్టుకొచ్చేవాళ్ళు ఎక్కువ, పెంచేవాళ్ళు తక్కువ. కొన్ని రాష్ట్రాల్లో ఈ చెట్టు అపాయంలో ఉన్న మందు మొక్కల జాబితాలోకి ఎక్కింది. వేరు బదులు కాండం బెరడు వాడొచ్చని, లేత మొక్కలు వాడొచ్చని పరిశోధకులు అంటున్నారు. ఆ మాట కొండ మీది గొయ్యి దాకా ఇంకా రాలేదు.

పూజకు గింజ కావాలంటే చెట్టు నిలబడి ఉండాలి. మందుకు వేరు కావాలంటే చెట్టు పడిపోవాలి. నాకు పంపెన గింజ పూజ మీద గౌరవం పెరగడానికి ఇదే అసలు కారణం. అత్త జాలిపడ్డ ఆ ఎండు దండ వెనక ఎక్కడో ఒక చెట్టు బతికి ఉంది, వచ్చే ఏడు కూడా కాస్తుంది. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతిలో, బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించాడని టిబెటన్లు నమ్ముతారు. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. వాళ్ళు మన నేలను అంత దూరం నుంచి గుర్తుపెట్టుకున్నారు. మన కొండ మీది చెట్టు గింజను మనం గుర్తుపట్టకపోవడం, పట్టినా మందు వేరుగానే గుర్తుపట్టడం నాకు కష్టంగా ఉంది.

రేపు గిరాకీ పెరిగి, పూజ కోసం కూడా కొమ్మలు నరికి కాయలు దులిపేసే రోజు రావచ్చు. రాదని హామీ ఏమీ లేదు. అలా జరిగితే నేను ఇంతసేపు చెప్పిందంతా వెనక్కి తీసుకోవాల్సిందే.

ఆ పెద్దాయనే దోటీ తెచ్చి మిగిలిన చెట్టుకున్న కాయలు రెండు దించి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, "దేవుడికంటున్నావు కదా" అన్నాడు. ఒక కాయను ఇంటికొచ్చి ఒలిచాను. లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందలు దాటాక వదిలేశాను. ఇరవై గింజలు తీసి మట్టి సంచుల్లో పెట్టాను, రెక్క సగం బయటికి కనిపించేలా. మూడో వారానికి తొమ్మిది మొలిచాయి.

జిరంగ్‌లో జరిగిన ఒక సంగతి ఇంకా చెప్పలేదు. ప్రార్థన ఆఖర్న ఆ భిక్షువు బియ్యంలో ఈ గింజలు నాలుగు కలిపి గుప్పిటతో పైకి విసిరాడు. బియ్యం వెంటనే టపటపా నేల మీద పడింది. గింజలు పడలేదు. అందరి తలల మీదుగా తిరుగుతూ, పక్కకు జారుతూ, ఎప్పటికో దిగాయి. ఒకటి అత్త ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని కొంగుకు ముడి వేసుకుంది. ఎండు గింజలని జాలిపడ్డ గంటలోపే.

ఆయన్ని అప్పుడే అడిగాను, ఈ గింజలు ఎక్కడి నుంచి తెప్పిస్తారని. నేపాల్ నుంచి పార్శిల్ వస్తుందన్నాడు. ఈ చెట్టు మా కొండల్లో ఉంటుందని చెబితే నమ్మలేదు. నా ఫోన్లో అప్పుడు ఫొటో కూడా లేదు చూపించడానికి. రెండో కాయ ఇంకా పగల్లేదు, పగలకుండా దారంతో కట్టి అటక మీద పెట్టాను. వచ్చే ఆదివారం అత్తా నేనూ మళ్ళీ జిరంగ్ వెళ్తున్నాం. కాయ ఒడిలో పెట్టుకుని కూర్చుంటానంది. మొక్కలు రెండు డిక్కీలో పడతాయి.